సొట్ట డబ్బాల డ్యూటీ

కువైట్‌లో డబ్బున్నవాళ్ళకు చలికాలం రాగానే ఒక జబ్బు పట్టుకుంటుంది. మూడంతస్తుల ఇల్లు వదిలేసి ఎడారిలో గుడారం వేసుకుని ఉండాలనిపిస్తుంది. పోనీ ఉత్త గుడారమా అంటే కాదు. ఇంట్లో ఉన్న సోఫాలే లారీకి ఎక్కించి అక్కడికి తెస్తారు. టీవీ తెస్తారు, జనరేటరు తెస్తారు, వెనక బాత్రూము కూడా నిలబెట్టిస్తారు. అంతా అమరాక కాళ్ళు చాపుకుని కూర్చుని, మా తాతలు ఇట్లాగే బతికారు అని నిట్టూరుస్తారు. వాళ్ళ తాతలకు టీ కాచిపోయడానికి ఒక బంగారయ్య ఉన్నాడో లేడో నాకు తెలియదు. వీళ్ళకు మాత్రం ఉన్నాడు. ఆ బంగారయ్యను నేనే. మాది రాజంపేట పక్క. పేరులో తప్ప ఒంటి మీద ఎక్కడా బంగారం లేదు.

నవంబరు సగం నుంచి మార్చి సగం దాకా నాలుగు నెలలు నా పని నిప్పు రాజేయడం, టీ కాయడం, గుడారం తాళ్ళు బిగించడం. తాళ్ళంటే చిన్న పని అనుకోకండి. మొన్న ఫిబ్రవరిలో ఒక గాలి వచ్చింది. నేను అబద్ధం చెప్పే మనిషిని కాదు, అనుమానముంటే అక్కడున్న గొర్రెలను అడగండి. ఆ గాలికి పెద్ద గుడారం లేచిపోయింది. లోపల మా కఫీల్ బావమరిది పేకాడుతున్నాడు. కఫీల్ అంటే నా వీసా ఎవరి పేరు మీద ఉందో ఆ పెద్దాయన. గుడారం పోయి పోయి సౌదీ హద్దులో దిగింది. పోలీసులు కాగితాలు అడిగితే బావమరిది ముక్కల మీంచి తల ఎత్తకుండా, ఈ ఆట అయిపోనీయండి అన్నాడట. నేను తాడు పట్టుకుని గాల్లో వేలాడుతూ వెళ్ళి, చుక్క ఒలకకుండా ఆయనకు టీ అందించాను. పోలీసులకు కూడా పోశాను. చక్కెర తక్కువైందన్నారు.

అంత పనిమంతుణ్ణి గుడారాలు మడిచిన రోజు పెద్దాయన పక్కకు పిలిచి ఖలాస్ అన్నాడు. పోయినేడాది దాకా మిగతా నెలలు వాళ్ళింటి తోట పని ఉండేది. అప్పుడే ఆ తోట తీసేసి బండలు పరిచారు. ఏప్రిల్ ఆఖరు లోపల ఏదైనా కంపెనీలో పని వెతుక్కుంటే, వీసా అక్కడికి మార్చుకోనిచ్చే రిలీజు కాగితం మీద సంతకం పెడతానన్నాడు. దొరక్కపోతే టికెట్ తీసి ఇంటికి పంపిస్తానన్నాడు. మంచివాడే పాపం. నాలుగు నెలలు నా చేతి టీ తాగి, వెళ్ళేటప్పుడు నా పేరు మాత్రం తప్పుగానే పలికాడు.

ఇంటికి పోవడం నాకు కుదరదు. ఎందుకంటే నాకు ఇద్దరు కఫీళ్ళు. ఒకడు ఈయన. రెండోవాడు నా తలకాయలో ఉంటాడు. వాడు రిలీజు ఇవ్వడు. చేతిలో పని ఉన్నంతకాలం మూల కూర్చుని ఉంటాడు. పని అయిపోయిందని తెలిస్తే చాలు, లేచి వచ్చి గుండె మీద కూర్చుంటాడు. పోయిన ఏడాది తోట పీకేసిన వారానికే అట్లా కూర్చున్నాడు. ముప్పై ఎనిమిది రోజులు రూములో పై మంచం అడుగు చూస్తూ పడుకున్నాను. తిండి లేదు, స్నానం లేదు, నిద్ర లేదు. ఆఖరికి నోట్లోంచి ఒక్క కోత కూడా రాలేదు. అప్పుడు మా రెడ్డెమ్మకు భయం వేసి ఆసుపత్రికి లాక్కుపోయింది. రెడ్డెమ్మ నా భార్య. ఎగైలాలో ఒక ఇంట్లో పని చేస్తుంది. శుక్రవారం శుక్రవారం ఆ ఇంటి మామా, అంటే ఇంటావిడ, రెండు గంటలు బయటికి వదులుతుంది. ఎగైలాలో పెద్ద పెద్ద మాల్‌లు ఉన్నాయి. వాటి లోపల కూర్చుంటే ఏదో ఒకటి కొనాలి కాబట్టి మేము బయట గట్టు మీద కూర్చుంటాము.

ఆసుపత్రిలో ఈజిప్టు డాక్టరు మాత్ర రాసిచ్చాడు. తెల్లగా చిన్నగా ఉంటుంది, రాత్రి అన్నం తిన్నాక ఒకటి. మానకూడదు, రోజూ ఒకే వేళకు పడుకోవాలి, ఒకే వేళకు లేవాలి అన్నాడు. గుడారాల దగ్గర కూడా అట్లాగే నెట్టుకొచ్చాను. పెద్దాయనకు షుగరు, తొమ్మిదికల్లా ఇంటికి పోయేవాడు. ఆయన పోతే ఆ మండే నిప్పుకు కూడా ఆవులింతలు వచ్చేవి.

ఇక పని వెతకడం మొదలుపెట్టాను. కువైట్‌లో పనులకేం కరువు. ఒక ఏజెంటు అబ్దలీలో రెండు వందల గొర్రెలను కాసే పని ఉందన్నాడు. అక్కడ ఇంకెవరుంటారని అడిగితే, ఎవరూ ఉండరు, విసుగొస్తే గొర్రెలతో మాట్లాడుకోవచ్చు అన్నాడు. మాట్లాడడం నాకు కష్టం కాదు. అవి జవాబు చెప్పడం మొదలుపెడితే ఏం చెయ్యాలో వాడు చెప్పలేదు. ఇంకొకడు రాత్రి కాపలా పని చూపించాడు. హోటలు వాడు పొద్దున పది నుంచి మూడు, మళ్ళీ ఆరు నుంచి అర్ధరాత్రి ఒంటి గంట అన్నాడు. మధ్యలో మూడు గంటలు విశ్రాంతి అని అదేదో తన సొంత జేబులోంచి ఇస్తున్నట్టు చెప్పాడు. రెడ్డెమ్మ ఒక్కొక్కటే విని అన్నింటినీ కొట్టేసింది.

"పగటి పూట పని, పక్కన మనుషులు, టయానికి నిద్ర. ఈ మూడూ ల్యాకుంటే అది మంత్రి ఇంట్లో పనైనా నువ్వు పోవద్దు" అంది.

మంత్రి ఇంట్లో నన్ను ఎవరూ పిలవలేదు కాబట్టి ఒప్పుకున్నాను.

ఏప్రిల్ మొదటి వారంలో సబ్హాన్‌లో దొరికింది. సబ్హాన్ అంతా గోడౌన్లూ వర్క్‌షాపులూ. అక్కడ ఒక తిండి సరుకుల గోడౌన్‌కు సూపర్‌వైజరు కడప హారూన్. ఆయన చేతిలో ఎప్పుడూ వాకీటాకీ ఉంటుంది. నాలుగడుగుల దూరంలో నిలబడ్డ మనిషితో కూడా అందులోనే మాట్లాడతాడు. అవతలి మనిషికి రెండు చెవుల్లోనూ హారూన్ వినపడతాడు. పొద్దున ఏడు నుంచి సాయంత్రం నాలుగు దాకా డ్యూటీ, కంపెనీ వీసా అన్నాడు. రేపట్నుంచి ఆరు రోజులు పని చేసి చూపించు, ఆరో రోజు పొద్దున మా క్లినిక్‌లో మెడికల్ చేయించుకో, రెండూ బాగుంటే కాగితాలు కదుపుతానన్నాడు.

మెడికల్ అనేసరికి నాకు భయం పట్టుకుంది. గల్ఫ్‌కు వచ్చినవాణ్ణి పులితో బెదిరించలేరు, దెయ్యంతో బెదిరించలేరు. అన్‌ఫిట్ అనే మాటతో బెదిరించవచ్చు. ఊర్లో ఇల్లు తాకట్టు పెట్టి మద్రాసు దాకా పోయి, అక్కడ ఆ ఒక్క మాట పడి వెనక్కి వచ్చినవాళ్ళను మా పక్క ఇంటింటికీ ఒకరిని చూపిస్తాను.

ఆ భయం తీసుకుపోయి మా రూములో మహమ్మద్ గౌస్ ముందు పెట్టాను. ఇదీ నేను చేసిన తెలివితక్కువ పని. మేము ఉండేది మహబూలాలో. ఆ పేరుకు అరబ్బీలో పిచ్చిది అని అర్థమట, మాకు తగిన పేటే. రాయచోటి గౌస్ వ్యాను నడుపుతాడు. పదమూడు సార్లు మెడికల్ పాసయ్యానంటాడు. ఒకసారి పాసైనవాడికి మిగతా పన్నెండు సార్లు ఎందుకు చేశారో ఎవరూ అడగరు. మెడికల్‌కు ముందు మాంసం తినకూడదు, బీట్‌రూట్ తినాలి, ఎడమ చేతికే సూది వేయించుకోవాలి. ఇట్లాంటి జ్ఞానం ఆయన దగ్గర బస్తాలకు బస్తాలుంది. నా తెల్లమాత్రల అట్ట తిప్పి తిప్పి చూశాడు. నాలాగే ఆయనకూ చదవడం రాదు.

"రక్తం దీసి మిషన్లో యేస్తారు గదన్నా. నువ్వేం తిన్న్యావో, ఏం మింగినావో, యెవురికి ఫోన్ జేసినావో అంతా బయటపడ్తాది. మెంటల్ మాత్ర అని వచ్చిందనుకో, ఎర్ర ముద్రే. ఆరు దినాలు మానుకుంటే రక్తం నీళ్ళ మాదిరి తేటగైతాది" అన్నాడు.

వ్యాను డ్రైవరు మాట విని ఆసుపత్రి డాక్టరు మాటను పక్కన పెట్టాను. రెడ్డెమ్మకు చెప్పలేదు. చెబితే ఏమంటుందో తెలుసు కాబట్టి.

మొదటి రెండు రోజులు ఏమీ కాలేదు. మూడో రోజుకు నిద్ర ఎటో పోయింది. తల లోపల ఉండి ఉండి ఏదో జివ్వుమనేది, అరికాళ్ళలో చీమలు పాకేవి, ఒక చోట నిలబడలేకపోయేవాణ్ణి. నిలబడలేనివాడికి గోడౌన్ కంటే మంచి చోటు ఏముంది. టమాటా పేస్టు పెట్టెలు, నూనె డబ్బాలు, బియ్యం బస్తాలు, ఏది కనిపిస్తే అది మోశాను. ఒక రోజు రెండు లారీలు దించాను, మర్నాడు ఐదు. ఆ మర్నాడు లారీలు గేటు దగ్గర నన్ను చూసి, ఎక్కడ తమను కూడా ఎత్తి అరలో సర్దేస్తానో అని వెనక్కి తిరిగిపోయాయి. తోటి నేపాలీ కుర్రాళ్ళు నన్ను చూసి మొహం మాడ్చుకున్నారు. హారూన్ మాత్రం మురిసిపోయాడు. ఆరుగురి పని ఒక్కడు చేస్తున్నాడు, మా కడప పక్క మనిషే అని పై మేనేజరుకు వాకీటాకీలో చెప్పాడు. మేనేజరు పక్క గదిలోనే ఉన్నాడు. పగటి పనిలో నన్ను వృథా చేస్తున్నామని, రాత్రి లోడింగుకు మారిస్తే కంపెనీకి లాభమని ఇద్దరూ కలిసి ఆలోచించారట. జబ్బు ముదిరేకొద్దీ ప్రమోషను దగ్గరపడుతోంది.

ఆరో రోజు పొద్దున క్లినిక్‌కు వెళ్ళాను. మలయాళీ నర్సు ఎడమ చేతికి సూది గుచ్చి, రక్తం తీసి, దూది పెట్టి, వెళ్ళమంది. అంతేనా? నాకు మనసు ఆగలేదు. వచ్చీరాని హిందీలో, నిద్ర మాత్రలు, మనసు మాత్రలు ఇందులో కనిపిస్తాయా అని అడిగాను. ఆమె నవ్వింది. మేము చూసేది టీబీ లాంటి అంటుజబ్బులను, నీ నిద్ర మాకెందుకు అంది. తర్వాత నవ్వు ఆపి, మానేశావా, ఎవరు చెప్పారు, ముందు పోయి మీ డాక్టరును కలువు అంది. బీట్‌రూట్ సంగతి అడగాలనుకున్నాను కానీ మొహం చెల్లలేదు.

అక్కడి నుంచి తిన్నగా ఆసుపత్రికి పోవాల్సింది. పోకుండా గోడౌన్‌కు పోయాను, ఆఖరి రోజు కదా అని. టమాటా పేస్టు పెట్టెలు పేర్చడం మొదలుపెట్టాను. ఇప్పుడు చెప్పబోయేది కోత కాదు. ముందు ఒక వరస పేర్చాను, పక్కన ఇంకో వరస, వెనక ఇంకో వరస. ఎంతసేపు పేర్చానో తెలియదు. చూసుకుంటే నా చుట్టూ నాలుగు వైపులా తల కంటే ఎత్తుగా పెట్టెలున్నాయి. తలుపు పెట్టడం మర్చిపోయిన మేస్త్రీలాగా మధ్యలో నేనున్నాను. అక్కడ కూర్చున్నాను. కూర్చున్నాక ఏడుపు వచ్చింది, ఎంత ఆపినా ఆగలేదు.

పైన ఒక పెట్టె జరిగింది. ఆ సందులోంచి హారూన్ మొహం కనిపించింది.

"బంగారన్నా, లోపల ఏం జేస్తాండావు?"

ఇట్లాంటప్పుడు కడుపునొప్పి అని చెప్పమని గౌస్ నేర్పించాడు. నేను దానికంటే మంచివి వంద చెప్పగలను. పెట్టెల్లో పాము దూరిందనవచ్చు, భూకంపం వచ్చిందనవచ్చు. వెతికితే ఒక్క అబద్ధం కూడా దొరకలేదు. అప్పుడు నిజంగా భయం వేసింది.

"ఏడుస్తాండా" అన్నాను.

"అది కనపడ్తానే ఉండాది. యాల?"

"మనసుకు యేసుకునే మాత్రలు ఉండాయి. మెడికల్‌లో పట్టుకుంటారని ఆరు దినాల్నుంచి మానేసినా."

"పిచ్చోడివా నువ్వు?"

"యేసుకుంటాంటే కాదు. మానేసినా గాబట్టి ఇప్పుడు పిచ్చోణ్ణే."

హారూన్ ఒక్కొక్క పెట్టే దించుతూ తన బాధ చెప్పుకున్నాడు. ఆరుగురి పని చేసేవాణ్ణి తెచ్చానని మేనేజరు దగ్గర మీసం తిప్పాడట, ఇప్పుడు ఆయన పరువు ఏం కావాలట. నేను ఏడుస్తూ కూర్చుంటే ఆయన తన పరువు కోసం ఏడ్చాడు. ఆఖరికి రూముకు పొమ్మన్నాడు. మళ్ళీ రమ్మని అనలేదు.

మర్నాడు శుక్రవారం. గట్టు మీద రెడ్డెమ్మకు అంతా చెప్పాను. ఆమె అరవలేదు. అరిస్తే బాగుండేది.

"గౌసు డాక్టరా?" అని అడిగింది.

కాదు, వ్యాను డ్రైవరు అన్నాను.

"మల్ల ఆయప్ప జెప్తే వ్యాను ఎక్కాల. మాత్రలు ఎట్ల మానుకుంటివి? నువ్వు పడుకున్న ముప్పై ఎనిమిది దినాలు ఆయప్ప జూసినాడా, నేను జూసినానా?"

ఇక్కడ పని పోతే నేను ఒక్కణ్ణే ఇంటికి పోతానని, నేను మళ్ళీ మంచం పట్టినా లాక్కుపోవడానికి ఆమె పక్కన ఉండదని మెల్లగా అంది. అంతకు మించి ఏమీ అనలేదు. మామాను బతిమాలి ఆదివారం ఒక పూట సెలవు తీసుకుని ఆసుపత్రికి తీసుకుపోయింది. డాక్టరు నన్ను అరబ్బీలో తిట్టాడు, ఇంగ్లీషులో తిట్టాడు, రెండూ నాకు సమానమే. మాత్ర మళ్ళీ మొదలుపెట్టించాడు. రేపటికే తగ్గిపోదని, రెండు మూడు వారాలు ఓపిక పట్టాలని, వారం వారం వచ్చి కనిపించమని చెప్పాడు.

సోమవారం పొద్దున ఏడింటికి సబ్హాన్‌లో హారూన్ ముందు నిలబడ్డాను. ఆరుగురి పని చేసే బంగారయ్య ఇక రాడని, ఒక్కడి పని చేసే బంగారయ్య వచ్చాడని చెప్పాను. రాత్రి పని కుదరదు, పదింటికి పడుకోవాలి, ఏడు నుంచి నాలుగు దాకా ఏ పని ఇచ్చినా చేస్తానన్నాను. ఉద్యోగం అడగడానికి వచ్చినవాడు షరతులు పెడుతుంటే హారూన్‌కు నవ్వాలో కొట్టాలో తెలియలేదు. మెడికల్ ఫిట్ అని వచ్చింది గానీ పగటి పూట ఖాళీ ఉన్నది వాపసు సెక్షన్ ఒక్కటే అన్నాడు. నెలాఖరు దాకా చూస్తాను, మధ్యలో ఒక్క రోజు ఎగ్గొట్టినా ఖలాస్ అన్నాడు.

వాపసు సెక్షన్ అంటే గోడౌన్‌లో అందరూ చిన్నచూపు చూసే మూల. దుకాణాల నుంచి అమ్ముడుపోనివి, సొట్టలు పడినవి, తేదీ దాటినవి అక్కడికి వస్తాయి. సొట్ట చిన్నదైతే ఒక పక్క, ఉబ్బిన డబ్బా అయితే ఇంకో పక్క, కారిపోయినవి చెత్తలోకి. తేదీలు మాత్రం అంకెలే కాబట్టి నాకు తెలుస్తాయి. చేపల డబ్బా కారిందంటే ఆ వాసనకు ఈగలు కూడా ముక్కు మూసుకుంటాయి. నా కంటే ముందు నలుగురు అక్కడి నుంచి పారిపోయారు. బియ్యం బస్తాలు మోసేవాళ్ళు నన్ను చూసి, తాము ఏదో రాజ్యం మోస్తున్నట్టు పక్కకు తప్పుకుని పోయేవాళ్ళు. పోనీయండి. డబ్బాలకు సొట్టలు పడటానికి చలికాలం ఎండాకాలం లేదు. మార్చిలో మడిచేసే పని కాదు అది.

మొదటి వారం చేతులు వణికాయి. బస్సులో కళ్ళ నీళ్ళు కారేవి, దుమ్మని చెప్పేవాణ్ణి. రెండో వారంలో ఒక రోజు ఆరు గంటలు నిద్ర పట్టింది. గౌస్ పసుపు పాలు తాగమని సలహా ఇచ్చాడు. వ్యాను బ్రేకులకు కూడా అవే పోయమన్నాను. రోజూ ఏడుకు పది నిమిషాల ముందే గోడౌన్‌లో ఉన్నాను. రోజూ నాలుగింటికి బయటికి వచ్చాను.

నెల ఇంకా ఐదు రోజులుందనగా, గురువారం మధ్యాహ్నం మూడున్నరకు రెండు లారీల వాపసు సరుకు దిగింది. హారూన్ వచ్చి, రాత్రి పది దాకా ఉండి అంతా తేల్చేయమన్నాడు. వాకీటాకీలోనే చెప్పాడు. నేను నాలుగు దాకా ఎన్ని తేలితే అన్ని తేల్చి, చేతి తొడుగులు విప్పి పెట్టె మీద పెట్టాను.

"యాడికి?" అన్నాడు.

"నాలుగైంది."

"రెండు లార్లు ఉండాయి, కనపడ్లేదా?"

"కనపడ్తాండాయి. శనివారం ఏడింటికి వచ్చి చేస్తా. ఈ పొద్దు పది దాకా ఉంటే, ఆ పెట్టెల గూట్లోంచి మల్ల నన్ను నువ్వే తీయాల."

చుట్టూ అందరూ పని ఆపి చూస్తున్నారు. వాళ్ళ ముందు తగ్గితే హారూన్ హారూన్ ఎట్లా అవుతాడు. గేటు దాటితే శనివారం రావద్దన్నాడు. పెద్దాయన టికెట్ తీస్తానన్న తేదీకి మిగిలింది ఐదు రోజులు. హారూన్‌కు దండం పెట్టి గేటు దాటాను.

రాత్రి మాత్ర వేసుకుని పదింటికి పడుకున్నాను. గొప్ప ధైర్యం ఏమీ కాదు, దుప్పటి లోపల ఆ ఐదు రోజులూ వేళ్ళ మీద లెక్కపెడుతూనే ఉన్నాను. అయినా నిద్ర వచ్చింది. శుక్రవారం గట్టు మీద ఈ సంగతి చెబితే రెడ్డెమ్మ, నిద్రపోయినావా అని ఒక్క మాట అడిగింది. పోయినా అన్నాను. అయితే రేపు పో, వద్దంటే అప్పుడు చూస్తాం అంది.

శనివారం ఏడుకు పది నిమిషాలప్పుడు గేటు దగ్గర నిలబడ్డాను. లోపల నుంచి హారూన్ వచ్చాడు. కుడి చేతి వేలికి కట్టు ఉంది. నన్ను చూస్తూనే తెలుగులో మొదలుపెట్టి, ఉర్దూలోకి పోయి, అరబ్బీలో తేలాడు. గురువారం రాత్రి నేపాలీ కుర్రాళ్ళు ఎనిమిదింటికే పారిపోయారట. మిగతాదంతా తానే తేల్చాడట, పదకొండయిందట, చేపల డబ్బా రేకు కోసుకుందట, ఇంటికి పోతే భార్య వాసనకు వాకిట్లోనే నిలబెట్టిందట. ఆ పని మనుషులు చేసేదేనా అని నన్నే అడిగాడు. అంతసేపు తిట్టాడంటే నేను ఇంకా ఆ గోడౌన్ మనిషినేనని నాకు అర్థమైంది. వద్దనుకున్నవాణ్ణి ఎవరూ అంత శ్రద్ధగా తిట్టరు.

"గడ్డం గీసుకోకుండా వచ్చినావే. కార్డుకు ఫోటో దిగాల గదప్పా" అన్నాడు ఆఖరికి. కఫీల్ నంబరు కూడా అడిగి రాసుకున్నాడు, రిలీజు కాగితానికి.

ఆ గడ్డంతోనే ఫోటో దిగాను. ఆ కార్డు మీద ఉన్నవాడు ఎవడో దొంగలా ఉన్నాడని, గేటు దగ్గర కొత్త కాపలావాడు వచ్చినప్పుడల్లా నన్ను ఆపుతాడు. నేను కాదంటే వాడు నమ్ముతాడు, నేనే అంటే నమ్మడు. ఏడు గంటలకు ఇంకా పది నిమిషాలు ఉంటుంది కాబట్టి వాడికి సౌదీకి ఎగిరిపోయిన గుడారం కథ చెబుతాను. కథ అయ్యేలోపు గేటు తీస్తాడు.